మాక్ డ్రిల్ నిజంగా పనికొచ్చేలా ఎలా చెయ్యాలి? వైజాగ్ వాళ్ళు చెప్పండి

రుషికొండ_అడ్మిన్:
వచ్చే నెల మా ఆఫీసు మాక్ డ్రిల్ నన్ను చూసుకోమన్నారు. ఎప్పుడూ ముందురోజే మెయిల్ వచ్చేస్తుంది, పదకొండింటికి బెల్ కొడతారు, అందరూ టీ కప్పుల్తో కిందకి దిగి ఫొటో దిగి పైకెళ్ళిపోతారు. రేపు నిజంగా ఏదైనా అయితే ఇది ఎందుకు పనికొస్తుంది? మీ దగ్గర ఎలా చేస్తున్నారో చెప్పండి ప్లీజ్

పరవాడ_సేఫ్టీ:
ప్రమాదకర రసాయనాలు పెద్ద మొత్తంలో ఉండే ప్లాంట్లకి 1989 రూల్స్ ప్రకారం ఆరు నెలలకోసారి ఆన్‌సైట్ డ్రిల్ తప్పనిసరండి. రికార్డులో అందరూ చేసినట్టే ఉంటుంది. మేం ఈసారి నైట్ షిఫ్ట్‌లో పెట్టి, షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని పక్కన కూర్చోబెట్టేసి "మీరు స్పృహలో లేరు, నోరు విప్పకూడదు" అన్నాం. అప్పుడు తెలిసింది అసలు సంగతి, సైరన్ ఎవరు కొట్టాలో తెలీక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, హెడ్‌కౌంట్‌కి వస్తే కాంట్రాక్ట్ కూలీల లెక్క గేటు రిజిస్టర్‌లో ఒకలా మేస్త్రీ పుస్తకంలో ఇంకోలా ఉంది. ఇంకోటి, అసెంబ్లీ పాయింట్‌కి (అందరూ చేరాల్సిన చోటు) పరిగెత్తే ముందు విండ్‌సాక్, అంటే గాలి ఎటు వీస్తుందో చూపే గుడ్డ గొట్టం, చూడ్డం నేర్పండి, గాలి అటే వీస్తుంటే నేరుగా గ్యాస్‌లోకే పోతారు

గోపాలపట్నం_వాసి:
2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంట్ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) లీకై 12 మంది పోయారు. సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే రాసింది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేలబారున పాకుతుంది, నిద్రలో ఉన్నోళ్ళకి అదేటో ఎటు పోవాలో ఎవరు చెప్తారు? గోడ అవతల ఊరిని కలపకుండా ఎన్ని డ్రిల్లులు చేసినా సగమే అండి

నైట్‌డ్యూటీ_నర్స్:
మాది హాస్పిటల్, పేషెంట్లని అటూ ఇటూ కదపలేం కాబట్టి టేబుల్ టాప్ చేస్తాం, అంటే కూర్చునే ఒక కథ అనుకుని ఎవరేం చేయాలో చూసుకోవడం. 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్ తుఫానుకి కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు కదా, అదే కథగా పెట్టుకుంటాం. అందరి ఫోన్లూ ఒక ట్రేలో పెట్టించేసి పావుగంటకో చీటీ ఇస్తారు. జనరేటర్‌లో డీజిల్ నాలుగు గంటలకే ఉంది. రోడ్డుకి అడ్డంగా చెట్లు పడ్డాయి. సర్జన్‌ని పిలవాలి. మొన్న ఈ చీటీ దగ్గరే ఆగిపోయాం, డాక్టర్ గారి నంబరు అందరి ఫోన్లలో ఉంది కానీ ఇల్లెక్కడో ఎక్కడా రాసి లేదు. ఇప్పుడు నర్సింగ్ స్టేషన్‌లో గోడకి అంటించాం

రుషికొండ_అడ్మిన్:
ఫోన్లు తీసేసే ఐడియా చాలా బాగుంది అక్కా. కానీ చెప్పకుండా బెల్ కొడితే మావాళ్ళలో బీపీ ఉన్నోళ్ళు, ఒక గర్భిణి ఉన్నారు, భయపడిపోరా?

పరవాడ_సేఫ్టీ:
ఏ వారమో చెప్పండి, ఏ రోజో ఏ టైమో చెప్పొద్దు. ఆ గర్భిణికి మాత్రం ముందే చెప్పి మెట్లు దిగకుండా చూడండి, కానీ నిజంగా జరిగితే ఆవిడని దింపేది ఎవరో ప్రతి షిఫ్ట్‌లో ఇద్దరి పేర్లు రాసుకోండి, ఆ ఇద్దరికీ ఆ సంగతి తెలియాలి. డ్రిల్ అయిన వెంటనే అక్కడే నిలబెట్టి ఏం కుదర్లేదో అడగండి. దయచేసి ఎవరినీ తిట్టొద్దు, ఒక్కసారి తిడితే మళ్ళీ ఎవరూ నిజం చెప్పరు