తరచూ జబ్బుపడే చంటిబిడ్డతో ప్రయాణం – మీ అనుభవాలు చెప్పండి

చిన్నోడి అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబుకి 9 నెలలు. ఐదో నెల దాటినప్పటి నుంచి నెల తిరక్కుండా ఏదో ఒకటి వస్తూనే ఉంది. జలుబులకి లెక్కే లేదు. ఒకసారి విరేచనాలు. రెండుసార్లు పిల్లికూతలు వచ్చి నెబ్యులైజర్ పెట్టించాల్సి వచ్చింది. ఇంకో మూడు వారాల్లో పుట్టింటికి వెళ్లాలి. రాత్రంతా రైలు, దిగాక నాలుగు గంటలు కారు. నాన్నగారు మంచం పట్టారు, మనవణ్ణి ఇంకా కళ్లారా చూడలేదు. కాబట్టి వాయిదా వేసే మాటే లేదు.

పోయినసారి రెండు గంటల బస్సు ప్రయాణానికే మూడో రోజు జ్వరం, ఐదో రోజు ఆస్పత్రి. అప్పటి నుంచి బ్యాగు సర్దాలంటేనే టెన్షన్. ఇలాంటి పిల్లల్ని తీసుకుని వెళ్లొచ్చినవాళ్లు మీరేం చేశారో చెప్పండి. జాగ్రత్తగా ఉండండి అని అందరూ అంటున్నారు. ఆ జాగ్రత్త ఏమిటో ఎవరూ చెప్పడం లేదు.

ఇద్దరాడపిల్లల నాన్న

మా చిన్నదానిదీ ఇదే కథ అండి. మొదటి రెండేళ్లూ దాని ముక్కు పొడిగా ఉన్న వారం లేదు. చిన్నపిల్లలకి ఏడాదికి 6 నుంచి 8 జలుబులు రావడం మామూలేనని, మధ్యలో బాగా తింటూ బరువు పెరుగుతుంటే కంగారు పడొద్దని మా డాక్టర్‌గారు చెప్పాక కాస్త ధైర్యం వచ్చింది.

జలుబు అంటుకున్నాక బయటపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అంటే మీవాడికి ఆ జ్వరం బస్సులోనే అంటుకుందని లేదు, బయల్దేరకముందు ఇంట్లోనే అంటుకుని ఉండొచ్చు. అందుకే మేం ప్రయాణానికి వారం ముందు నుంచే పాపని ఫంక్షన్లకీ రద్దీ చోట్లకీ తీసుకెళ్లం. ఇంట్లో ఎవరికి ముక్కు కారుతున్నా, నాకైనా సరే, వాళ్లు పాపని ఎత్తుకోరు.

మందుల సంచి గురించి మాత్రం వివరంగా చెప్పాలి. ఒకసారి రైల్లో రాత్రి రెండింటికి పాప ఒళ్లు కాలిపోతోంది. రోజూ వాడే మందులు సీటు కింద పెద్ద పెట్టెలో అడుగున ఉండిపోయాయి. బయల్దేరే హడావిడిలో కొన్న కొత్త పారాసిటమాల్ సీసా జేబులో ఉంది. ఇంట్లో వాడే సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాముల మందు. అలవాటు కొద్దీ అదే కొలత తీసి, పాప నోటి దగ్గర పెట్టబోతూ ఎందుకో ఫోన్ లైటు వేసి సీసా చూశాను. అది చుక్కల మందు. ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. అలాగే పోసి ఉంటే నాలుగు రెట్లు మందు పాప కడుపులోకి వెళ్లేది. ఆ రాత్రి ఇక నిద్రపోలేదు.

ఇప్పుడు ఇంట్లో వాడే సీసానే, దాని కొలత గొట్టంతో సహా, చేతిసంచిలో పెడతాను. బయల్దేరే ముందు పాప బరువు చూపించి, ఆ బరువుకి ఎన్ని మిల్లీలీటర్లో డాక్టర్ చేత రాయించి, ఆ కాగితం సీసాకి రబ్బరుబ్యాండుతో చుడతాను. మందు వేసిన టైము కూడా దాని మీదే రాస్తాను. నేను వేశానని తెలియక మా ఆవిడ మళ్లీ వేసే ప్రమాదం ఉండదు.

పిల్లల వార్డు నర్సు

అన్నగారు చెప్పిన పొరపాటు మా వార్డులో చాలాసార్లు చూశాను. పారాసిటమాల్ కిలో బరువుకి విడతకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. విడతకీ విడతకీ మధ్య కనీసం 4 గంటలు, రోజుకి నాలుగు విడతలకి మించకూడదు. ఎవరు చెప్పినా ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి వేయకండి.

చిన్నోడి అమ్మగారూ, పిల్లికూతలు వచ్చిన బిడ్డ కాబట్టి ఈ వారంలోనే మీ డాక్టర్‌ని కలవండి. మామూలు నెబ్యులైజర్‌కి కరెంటు కావాలి, రైల్లో అర్ధరాత్రి కష్టం. స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం), మాస్కుతో ఇన్‌హేలర్ సరిపోతుందేమో అడగండి. రాసిస్తే బాబు బాగున్న రోజుల్లోనే ఖాళీ మాస్కుతో ఆడుకోనివ్వండి. ఆయాసంలో మొదటిసారి ముఖానికి పెడితే ఏ బిడ్డైనా భయపడి గింజుకుంటుంది. మాస్కు ముఖానికి అతుక్కుని ఉండాలి. సందు ఉంటే మందంతా గాల్లోకే పోతుంది. చీటీలో కంపెనీ పేరు ఒక్కటే కాకుండా మందు అసలు పేరు కూడా రాయించుకోండి, ఎక్కడైనా దొరుకుతుంది.

ఫ్లూ టీకా 6 నెలలు దాటిన పిల్లలకి వేయొచ్చు. మొదటిసారి అయితే 4 వారాల ఎడంతో రెండు డోసులు. మీ చేతిలో మూడు వారాలే ఉన్నాయి కాబట్టి రెండో డోసు మీరు తిరిగి వచ్చాక పడుతుంది, కానీ మొదటిది ఇప్పుడే వేయించడం గురించి అడగండి. పని చేయడం మొదలవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది.

ఇంట్లో అందరూ నేర్చుకోవాల్సింది ఊపిరి లెక్కపెట్టడం. బాబు ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట మీద చూపు పెట్టండి. పొట్ట పైకి లేచి కిందికి దిగితే ఒకటి. గడియారం పట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి, 30 సెకన్లు చూసి రెండింతలు చేయొద్దు. 2 నెలల నుంచి ఏడాది లోపు పిల్లల్లో 50 గానీ అంతకు మించి గానీ వస్తే అది వేగమైన శ్వాస, డాక్టర్‌కి చూపించాలి. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతున్నా, పెదాలు నీలిరంగుకి తిరిగినా, పాలు తాగలేకపోతున్నా, లేపినా మగతగా ఉన్నా గమ్యం చేరేదాకా ఆగకండి. తర్వాతి స్టేషన్లో దిగిపోండి. టికెట్ పోతే పోయింది.

3 నెలల లోపు పసికందుకి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వస్తే మిగతా లక్షణాలేవీ లేకపోయినా వెంటనే ఆస్పత్రికే. ఇది మీ బాబుకి కాదు, ఈ చర్చ చదివే మిగతా తల్లుల కోసం.

తొలిచూలు తల్లి

అక్కా, ఒక డౌటు. ప్రయాణంలో ఏడవకుండా పడుకుంటుందని, జలుబు సిరప్ కొంచెం వేసి తీసుకెళ్లమని మా బంధువులు చెబుతున్నారు. మా పాపకి 7 నెలలు. వేయొచ్చా?

పిల్లల వార్డు నర్సు

వద్దమ్మా, అసలు వద్దు. రెండేళ్ల లోపు పిల్లలకి జలుబు, దగ్గు సిరప్‌లు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే హెచ్చరించింది. మగత తెప్పించే మందు పసిబిడ్డ ఊపిరిని కూడా మందగింపజేస్తుంది. ముక్కు మూసుకుపోతే పాలు పట్టే ముందు ఉప్పునీటి చుక్కలు, అంటే సెలైన్ నాసల్ డ్రాప్స్, చాలు. ఏడాది లోపు పిల్లలకి దగ్గుకని తేనె కూడా నాకించకూడదు. బొటులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

డబ్బాపాల తల్లి

నాకు పాలు పడక పోతపాలే పట్టాను. మా అమ్మాయికి ప్రయాణాల్లో వచ్చినవన్నీ విరేచనాలే. కారణం తెలియడానికి రెండు ప్రయాణాలు పట్టింది. మొదట్లో ఇంట్లోనే నాలుగు సీసాలు కలిపి పట్టుకెళ్లేదాన్ని. ఆరు గంటల తర్వాత ఆఖరి సీసా మూత తీస్తే పుల్లటి వాసన.

ఇప్పుడు ఫ్లాస్కులో మరిగించిన నీళ్లు, చిన్న పొడి డబ్బాల్లో ఒక్కో పూటకి కొలిచిన పొడి. నీళ్లు 70 డిగ్రీలకి తగ్గకుండా ఉండగానే పొడి కలిపి, తర్వాత సీసాని చన్నీళ్ల గిన్నెలో పెట్టి చల్లారుస్తాను. ఎందుకంటే పాలపొడిలోనే సూక్ష్మజీవులు ఉండొచ్చు, ఆ వేడికి చస్తాయి. పట్టే ముందు మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుని చూస్తాను. కలిపిన పాలు 2 గంటలు దాటితే పారబోస్తాను. బిడ్డ తాగి మిగిల్చినవైతే గంట కూడా ఉంచను. పారబోసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది గానీ తప్పదు.

ఓఆర్‌ఎస్ గురించి ఒక హెచ్చరిక. కొన్ని ప్యాకెట్లు లీటరు నీళ్లకి, కొన్ని 200 మిల్లీలీటర్లకి. ప్యాకెట్ మీద చూసి మొత్తం ఒకేసారి కలపాలి. కొంచెం కొంచెం కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. 24 గంటలు దాటితే వాడకూడదు. రెండేళ్ల లోపు పిల్లలకి విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా. తల్లిపాలు తాగే పిల్లలకి ఆ పాలు ఆపకూడదు.

మనవరాలి అమ్మమ్మ

అమ్మాయిలూ, నేను పెద్ద చదువులు చదవలేదు, నలుగురు మనవల్ని పెంచాను. రైల్లో పక్కనున్నవాళ్లు ముద్దొచ్చి బిడ్డని పట్టుకుంటారు. వాళ్ల తప్పు కాదు, మనసు అలాంటిది. వద్దంటే నొచ్చుకుంటారు. అందుకని నేను బిడ్డ కాళ్లకి సాక్సులు వేసి ఉంచుతాను. ఎవరైనా చెయ్యి చాస్తే నవ్వుతూ పాదాలే ముందుకు పెడతాను, “పాదం పట్టుకుని ఆడించండి, చేతులు నోట్లో పెట్టేసుకుంటాడు” అంటాను. ఇంతవరకూ ఎవరూ ఏమీ అనుకోలేదు. సీటుకి చేరాక ఆ సాక్సులు మార్చేస్తాను.

బిడ్డని తాకేముందు మన చేతులు సబ్బుతో కడగాలి. శానిటైజర్ ఉంది కదా అని మా కోడలు అంటుంది. డయపర్ మార్చాక మాత్రం సబ్బూ నీళ్లే కావాలంటాను.

పిల్లల వార్డు నర్సు

అమ్మమ్మగారి మాట నిజం. శానిటైజర్‌లో 60 శాతం ఆల్కహాల్ ఉంటే జలుబు వైరస్‌లకి చాలావరకు పనికొస్తుంది గానీ, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగడమే మేలు.

విమానంలో తిరిగే తండ్రి

విమానమెక్కేవాళ్ల కోసం రెండు మాటలు. దిగేటప్పుడే చెవినొప్పి ఎక్కువ. దిగడం మొదలైందని చెప్పగానే పాలు పట్టండి, మింగుతుంటే చెవి తెరుచుకుంటుంది. చెవిలో ఇన్ఫెక్షన్ ఉంటే ముందే డాక్టర్‌ని అడగండి. లోపల గాలి చాలా పొడిగా ఉంటుంది, మామూలు కన్నా ఎక్కువసార్లు పాలివ్వండి.

కారుకి సంబంధించి: పాలకోసమైనా సరే, కదులుతున్న కారులో బిడ్డని పిల్లల కారు సీటులోంచి తీయకండి. రెండు గంటలకోసారి ఆపి, దించి, కాళ్లూ చేతులూ ఆడించనివ్వండి. ఎండలో ఆపిన కారులో ఒక్క నిమిషం కూడా వదలొద్దు.

చిన్నోడి అమ్మ

నెల రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. వెళ్లాం, ఇంకా ఇక్కడే ఉన్నాం.

డాక్టర్‌గారు స్పేసర్ రాశారు, ఎప్పుడు ఎన్ని పఫ్‌లో కాగితం మీద రాసిచ్చారు. ఫ్లూ టీకా వేయించాం. రైల్లో ముగ్గురు వాడి పాదాలతో ఆడుకున్నారు, అమ్మమ్మగారికి నమస్కారాలు. వచ్చిన ఐదో రోజు మళ్లీ ముక్కు కారింది. రాత్రి పిల్లికూత వినపడింది. చేతులు వణుకుతూనే చొక్కా పైకెత్తి లెక్కపెట్టాను. 44. మళ్లీ లెక్కపెట్టాను, 43. పాలు తాగుతున్నాడు, డయపర్ తడుస్తోంది, పక్కటెముకల దగ్గర గుంట లేదు. రాసిచ్చినట్టే ఇన్‌హేలర్ ఇచ్చి, తెల్లారగానే డాక్టర్‌కి ఫోన్ చేశాను. మూడు రోజుల్లో సర్దుకుంది. ఈసారి ఆస్పత్రి మెట్లు ఎక్కలేదు.

నాన్నగారు చేతులు కడిగించుకుని మరీ వాడి సాక్సు విప్పి, ఆ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. వాడు కూడా లాక్కోలేదు.

ఆదివారం తిరుగు ప్రయాణం. స్పేసర్ సబ్బునీళ్లతో కడిగి, తుడవకుండా కిటికీలో ఆరబెట్టాను. సీసాకి కొత్త కాగితం చుట్టాలి, వాడు 300 గ్రాములు పెరిగాడు.