అప్‌డేట్: లెస్టర్ మామయ్య విల్లు, అక్క వాటా

మామయ్య విల్లుకు బావగారే సాక్షి సంతకం పెట్టారు, అక్క వాటా నిలుస్తుందా అని అడిగాను కదా. బారిస్టర్‌ని కలిశాం.

విల్లు చెల్లుతుంది. అక్క వాటా చెల్లదు. ఇంగ్లండ్‌లో 1837 విల్స్ యాక్ట్ సెక్షన్ 15 ప్రకారం సాక్షికి గానీ, సాక్షి భార్యకు లేదా భర్తకు గానీ ఇచ్చింది రద్దవుతుంది. బావగారు కాక ఇంకో ఇద్దరు సాక్షులుంటే గట్టెక్కేవాళ్లం. ఉన్నదే మొత్తం ఇద్దరు. మన దగ్గర హిందువుల విల్లులకు ఈ నిబంధన లేదు, అందుకే ఎవరికీ తట్టలేదు.

ఆ వాటా ఇప్పుడు మిగులు ఆస్తిలో కలిసి, మామయ్య రాసిన చారిటీకి వెళ్తుంది. అయితే నైతిక బాధ్యత ఉందని ఆ చారిటీని నడిపే ట్రస్టీలు భావిస్తే, చట్టప్రకారమే కొంత తిరిగి ఇవ్వొచ్చట. పెద్ద మొత్తమైతే అక్కడ చారిటీలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ అనుమతి కావాలి. మామయ్యను పదేళ్లు చూసుకున్నది అక్కే. ఆ సంగతంతా రాసి నిన్ననే ట్రస్టీలకు ఉత్తరం పంపాం.