శాంపిల్ బఫర్ అంతా ఫ్లోట్‌లో ఉండాలా, వచ్చిన ఎన్‌కోడింగ్‌లోనే ఉంచాలా?

తీగలబండి:
మేం కొందరం కలిసి ఒక ఆడియో లైబ్రరీ రాస్తున్నాం. ఫైల్‌లో శాంపిల్స్ (ధ్వనిని క్షణక్షణానికీ కొలిచిన అంకెలు) ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే ఏ రూపంలో ఉన్నా, తెరవగానే 32-బిట్ ఫ్లోట్‌కి (దశాంశ సంఖ్యలకి) మార్చేద్దామని నా ప్రతిపాదన. ఇక బఫర్ (శాంపిల్స్ ఉంచే మెమరీ) అంటే ఎప్పుడూ ఫ్లోటే. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి, ఏపీఐ (ఇతరుల కోడ్ మన లైబ్రరీని పిలిచే తీరు) బయటికి వెళ్లాక మార్చడం కష్టం.

రాతిపలక:
నాకు అభ్యంతరం ఉంది. 48,000 హెర్ట్జ్, స్టీరియో, 16 బిట్లు, పది నిమిషాలు అయితే 115 ఎంబీ. ఫ్లోట్ చేస్తే 230. పైగా 16 బిట్లది ఫ్లోట్ చేసి మళ్లీ 16కి తెస్తే మొదట ఉన్నది రాదు.

గెయిన్_స్టేజ్:
రాదని ఎవరన్నారండీ? 32-బిట్ ఫ్లోట్‌కి 24 బిట్ల కచ్చితత్వం ఉంది. 16 బిట్లలో ఉండేవి 65,536 విలువలు, ప్రతి ఒక్కటీ అందులో చెక్కుచెదరకుండా ఇముడుతుంది. ఫ్లోట్‌లో శాంపిల్ -1, 1 మధ్య ఉండాలి కాబట్టి 32768తో భాగించి, మళ్లీ 32768తోనే గుణిస్తే తేడా ఎక్కడిది? పోయేటప్పుడు ఒక అంకె, వచ్చేటప్పుడు 32767 వాడిన కోడ్ వల్ల వచ్చిన చెడ్డపేరు ఇది.

రాతిపలక:
సరే, 32768తోనే గుణించండి. శాంపిల్ సరిగ్గా 1.0 ఉన్నచోట 32768 వస్తుంది. 16 బిట్లలో గరిష్ఠం 32767. క్లాంప్ చేయకపోతే, అంటే గరిష్ఠం దగ్గర ఆపకపోతే, అది తిరగబడి -32768 అయిపోతుంది, స్పీకర్ టప్పుమంటుంది.

గెయిన్_స్టేజ్:
క్లాంప్ మరిచిపోయినవాళ్ల తప్పు ఫ్లోట్ మీద రుద్దకండి.

మూడోచెవి:
మరి 32-బిట్ ఇంటీజర్ ఫైళ్లు? వాటి విలువలన్నీ ఈ ఫ్లోట్‌లో పట్టవు కదా.

లూప్‌బ్యాక్:
నాకు జరిగింది చెబుతాను. పాత ఉద్యోగంలో ఫోన్ కాల్ రికార్డింగులు చూసేవాణ్ని. మ్యూ-లా ఎన్‌కోడింగ్ (ఫోన్లలో వాడే, శాంపిల్‌కి ఒక బైట్ పద్ధతి), 8,000 హెర్ట్జ్. ప్యాకెట్లు పోయినచోట బఫర్‌ని సున్నాలతో నింపాను, నిశ్శబ్దమే కదా అని. మ్యూ-లాలో నిశ్శబ్దానికి బైట్ విలువ 255. 0 అంటే నెగటివ్ వైపు గరిష్ఠం, 16 బిట్ల లెక్కలో -32124. ప్రతి ఖాళీ దగ్గరా చెవిలో సుత్తి దెబ్బ. మూడు రోజులు నెట్‌వర్క్ వాళ్లని అనుమానించాం. తర్వాత మీటింగ్‌లో అందరి ముందూ నన్ను నిలబెట్టారు. నా ఫంక్షన్‌కి అందింది డేటా ఎక్కడుందో చెప్పే ఒక పాయింటరూ, ఒక పొడవూ, అంతే. లోపల ఉన్నదేమిటో చెప్పేది ఏమీ లేదు. అందుకే నా ఓటు ఫ్లోట్‌కి.

రాతిపలక:
మీరు చెప్పింది నా వాదనే కదా! బఫర్ తన ఎన్‌కోడింగ్‌ని తనతోపాటు మోసుకొస్తే, నిశ్శబ్దం నింపే ఫంక్షన్ తనే 255 వేసేది. 8-బిట్ వేవ్ అయితే 128 వేసేది.

గెయిన్_స్టేజ్:
ఆ ఫంక్షన్లు రాసేదెవరు? 8 అన్‌సైన్డ్ (నెగటివ్ లేనిది), 16, మూడు బైట్లలో కుక్కిన 24, 32, ఫ్లోట్, డబుల్ (64-బిట్ ఫ్లోట్). ఒక్కొక్కటీ మళ్లీ ఇంటర్‌లీవ్డ్ (ఎడమ, కుడి ఛానెళ్లు కలగలిపి), ప్లానర్ (విడివిడిగా). వాల్యూమ్ తగ్గించడమనే ఒక్క పనికి 12 దారులు, బిగ్ ఎండియన్ (బైట్ల వరస తిరగేసినది) ఇంకా కలపలేదు. ఇలాంటి కోడ్‌ని ఆరు నెలలు మోశాను. 24-బిట్ దారిలో ఒకచోట సైన్ బిట్ చూడకపోవడంతో నెగటివ్ శాంపిల్స్ అన్నీ పాజిటివ్ అయ్యాయి, తిట్లు నాకు పడ్డాయి. అయినా అసలు సంగతి చెప్పండి, మీరు రాసిన డీకోడర్లు పక్కకు పోతాయనే కదా ఈ పట్టుదల?

రాతిపలక:
ఆ మాట అనాల్సింది కాదు. నా కోడ్ మొత్తం తీసేయండి, నాకేం బాధ లేదు. నేను పాత టేపుల డిజిటల్ కాపీలు భద్రపరిచే పని చేస్తాను. ఒక టూల్‌తో ఫైల్ మొదట్లో రెండు సెకన్లు మాత్రం కత్తిరించి సేవ్ చేశాను. మిగతా శాంపిల్స్ ఒక్కటీ కదలకూడదు. మిగిలిన భాగాన్ని అసలు ఫైల్‌తో పోల్చి చూస్తే అంతటా మార్పులే. ఆ టూల్ లోపల ఫ్లోట్ చేసి, 16కి రాసేటప్పుడు నన్ను అడగకుండా డిదర్ (కావాలని కలిపే సన్నని నాయిస్) కలిపింది. ఆ బ్యాచ్ మొత్తం మళ్లీ చేశాను. నేనడిగేది ఒక్కటే, నేను ముట్టుకోమనని శాంపిల్‌ని లైబ్రరీ ఎందుకు ముట్టుకోవాలి?

గెయిన్_స్టేజ్:
డిదర్ సంగతి మొదటే చెప్పాల్సిందండీ. నేను ఇంతసేపూ భాగహారం గురించి మాట్లాడుతున్నాను. డీకోడర్ల మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా బాధ కూడా అదే తీరుది. పట్టించుకోని మనిషి చేతికి ముడి బైట్లు వెళ్తే లూప్‌బ్యాక్ గారికి అయినట్టే అవుతుంది.

తీగలబండి:
అయితే రెండూ పెడదాం. చదవడం, కత్తిరించడం, అతకడం వచ్చిన ఎన్‌కోడింగ్‌లోనే, అది ఏదో చెప్పే ట్యాగ్‌తో సహా. ఎఫెక్ట్స్ మాత్రం ఫ్లోట్‌లో. మూడోచెవి గారు అడిగిన 32-బిట్ ఇంటీజర్లకి ఎఫెక్ట్స్ దగ్గర డబుల్. మరి ఏమీ చెప్పకుండా ఓపెన్ అంటే ఏది ఇవ్వాలి?

రాతిపలక:
వచ్చింది వచ్చినట్టే.

గెయిన్_స్టేజ్:
ఫ్లోట్. ఇందులో నేను తగ్గను. 65,536 విలువలనీ ఫ్లోట్‌కి పంపి వెనక్కి తెచ్చే టెస్ట్ రాసి పెడతాను, మీరే నడిపి చూడండి.

రాతిపలక:
రాయండి. డిదర్ ఆన్‌లో ఉంచి కూడా ఒకసారి నడిపి, ఎన్ని మారాయో ఇక్కడ పెట్టండి.