పెద్దవయసు ఆడవారికి తై చీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం) గానీ, నిలబడి చేసే యోగా గానీ నేర్పేవారు గుంటూరులో ఉన్నారా?

అందరికీ నమస్కారం. బ్రాడీపేటలో మాతో ఉంటున్న మా అత్తగారికి 71 ఏళ్లు. ఇంతవరకు కింద పడలేదు గానీ, గడప దాటాలంటే ముందు ద్వారబంధం పట్టుకుని ఆ తర్వాతే కాలు ఎత్తుతున్నారు. వంటగది గట్టు దగ్గర నుంచి వెనక్కి తిరగడానికి కూడా చిన్న చిన్న అడుగులు వేస్తున్నారు. డాక్టరు గారు బీపీ, కంటిచూపు, వాడే మందులు అన్నీ చూసి, కాళ్లకు బలం, ఒంటికి నిలకడ ఇచ్చే వ్యాయామం అవసరమన్నారు. 65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం 3 రోజులు ఇలాంటివి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోనూ ఉంది.

మా వీధిలోని యోగా తరగతిలో నేల మీద కూర్చుని వేసే ఆసనాలే ఎక్కువ కావడంతో, కూర్చుని లేవడమే కష్టమైన ఆమె మానేశారు. ఒంటి బరువును ఒక కాలి మీద నుంచి రెండో కాలి మీదికి మెల్లగా మార్చుతూ, ధ్యాసంతా ఆ కదలిక మీదే నిలిపే తై చీ ఆమెకు నప్పుతుందని నా అభిప్రాయం. గుంటూరులోనో, కుదరకపోతే విజయవాడలోనో దీన్ని ఓపికగా నేర్పే గురువులు, వీలైతే మహిళలు, ఎవరైనా తెలిస్తే దయచేసి చెప్పండి. ఆమె చీరలోనే వస్తారు, అందులో మార్పు ఉండదు. ఈలోగా గోడ పట్టుకుని తాడాసనం (నిటారుగా నిలబడటం), వృక్షాసనం (ఒంటికాలి మీద నిలబడటం) ఇంట్లో చేయించవచ్చా, పక్కన మనిషి ఉంటే సరిపోతుందా అన్నది కూడా అనుభవమున్నవారు తెలుపగలరు.