వెర్షనింగ్ ఆపిన బకెట్‌లో డిలీట్ చేస్తే ఫైలు పోయినట్టా, ఉన్నట్టా?

గచ్చిబౌలి_గుమాస్తా: మా ఫైళ్లు అమెజాన్ ఎస్3 అనే ఆన్‌లైన్ నిల్వ సేవలో, హైదరాబాద్ రీజియన్‌లోనే ఒక బకెట్‌లో (ఫైళ్లుంచే అర) ఉన్నాయి. బిల్లు పెరుగుతోందని, ఫైలు మారినా పాత ప్రతులను దాచే వెర్షనింగ్‌ను సస్పెండ్ చేసి, పాత నివేదికలన్నీ డిలీట్ చేశాం. జాబితాలో ఒక్కటీ కనిపించడం లేదు, బిల్లు మాత్రం తగ్గలేదు. లేని సరుకుకు అద్దె ఏమిటి?

కొండాపూర్_వాసి: సరుకు ఉందండీ, కనిపించడం లేదంతే. వెర్షన్ ఐడీ (ఒక్కో ప్రతికీ ఉండే గుర్తింపు) ఇవ్వకుండా డిలీట్ చేస్తే, ఫైలును జాబితాలో కనబడనివ్వని ఒక డిలీట్ మార్కర్ పైన వచ్చి కూర్చుంటుంది. వెర్షనింగ్ నడిచిన రోజుల్లో చేరిన ప్రతులు దాని కింద అలాగే ఉంటాయి. ఒక్కో ప్రతికీ పూర్తి సైజు లెక్కే. కన్సోల్‌లో (ఎస్3ను నడిపే వెబ్ పేజీ) వెర్షన్లు చూపించే మీట నొక్కి చూడండి.

గచ్చిబౌలి_గుమాస్తా: నొక్కాను, అన్నీ ఉన్నాయి! మార్కర్ తీసేస్తే ఫైలు తిరిగొచ్చింది కూడా. అయితే సస్పెండ్ చేసినా భయం లేదన్నమాట.

కొండాపూర్_వాసి: అక్కడే పప్పులో కాలేస్తున్నారు. సస్పెండ్ చేశాక ఎక్కించిన ఫైలుకు వెర్షన్ ఐడీ నల్, అంటే సొంత గుర్తింపు లేనట్టే. అదే పేరుతో మళ్లీ ఎక్కిస్తే ముందరి నల్ ప్రతి చెరిగిపోతుంది. డిలీట్ చేస్తే నల్ ప్రతి శాశ్వతంగా పోయి, నల్ ఐడీతోనే మార్కర్ వస్తుంది. మార్చిలో వెర్షనింగ్ ఉండగా ఎక్కించింది దొరుకుతుంది, నిన్న ఎక్కించింది దొరకదు. అసలు వెర్షనింగ్ మొదలుపెట్టకముందు నుంచీ ఉన్న ఫైళ్ల ఐడీ కూడా నల్లే, కాబట్టి వాటికీ ఇదే గతి. పాత ప్రతుల ఖర్చూ తప్పలేదు, కొత్తవాటికి రక్షణా లేదు. నన్నడిగితే సస్పెండ్ చేయడమే దండగ.

రాత్రి_డ్యూటీ: అంత తీసిపారేయకండి. మా దగ్గర రోజూ తిరగరాసే తాత్కాలిక ఫైళ్లున్నాయి, పోయినా గంటలో మళ్లీ తయారవుతాయి. వాటికి ప్రతులెందుకు? ఒకసారి వెర్షనింగ్ మొదలుపెట్టిన బకెట్‌ను మొదటి స్థితికి తేలేం, సస్పెండ్ చేయడమొక్కటే దారి.

కొండాపూర్_వాసి: వాటికి వెర్షనింగ్ తాకని వేరే బకెట్ పెట్టుకోవచ్చుగా?

రాత్రి_డ్యూటీ: పెట్టుకోవచ్చు. అనుమతులు తిరిగి రాసి, ప్రోగ్రాముల్లో బకెట్ పేర్లు మార్చే ఓపిక మీరిస్తారా? గుమాస్తా గారూ, మీవి నివేదికలు కాబట్టి వెర్షనింగ్ మళ్లీ ఆన్ చేయండి. పాత వెర్షన్లు 30 రోజుల తర్వాత తొలగిపోయేలా లైఫ్‌సైకిల్ నియమం పెట్టండి. బిల్లు దానితో తగ్గుతుంది. గడువు ఎన్నాళ్లుండాలో ముందు మీ ఆడిట్ వారిని అడగండి, ఆ నియమం తీసేసిన పాత ప్రతి ఇక మార్కర్ తీసినా రాదు.

గచ్చిబౌలి_గుమాస్తా: వాళ్లు ఏడేళ్లు ఉంచాలంటున్నారు. బిల్లు సంగతి మేనేజర్‌కు మీరే చెప్పండి.