“మాంసకృత్తులు”లో మాంసం ఎందుకుంది?

ప్రశ్న: మా అమ్మమ్మకి డాక్టరుగారు ఇచ్చిన ఆహారపు చీటీ మొన్న చదివి వినిపించాను. “మాంసకృత్తులు ఎక్కువగా తీసుకోవాలి” అని ఉంది, అంటే ప్రోటీన్లు. ఆవిడ బెంబేలెత్తిపోయి, “పుట్టి బుద్ధెరిగాక ముట్టలేదే, ఈ వయసులో నన్ను మాంసం తినమంటారా?” అన్నారు. మాంసం కాదు, పప్పు తినమంటున్నారని చెప్పాను. “పప్పుకి ఆ పేరేమిటే?” అంటే జవాబు దొరకలేదు. కృత్తి అంటే తోలు కదా, కృత్తివాసుడంటే శివుడు కదా. మాంసానికీ తోలుకీ పప్పుతో ఏం పని? ఎవరైనా విడదీసి చెప్పండి.

జవాబు: అక్కడున్నది కృత్తి కాదమ్మా, కృత్. “చేసేది” అని అర్థం. మాంసకృత్ అంటే మాంసాన్ని చేసేది, మన మాటల్లో కండ పట్టించేది. విద్యుత్ విద్యుత్తు అయినట్టు, జగత్ జగత్తు అయినట్టు, కృత్ కూడా తెలుగులోకి వచ్చి కృత్తు అయింది. చిక్కంతా బహువచనంలో ఉంది. పులి పులులు అయినట్టే కృత్తి కూడా కృత్తులే అవుతుంది కాబట్టి రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఒక్కదాని గురించి రాయాల్సి వస్తే మాంసకృత్తు అనే రాయాలి. ఈ పేరు ఆ పదార్థం దేంట్లోంచి వచ్చిందో చెప్పదు, ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో చెబుతుంది. అందుకే కందిపప్పుకీ చక్కగా సరిపోతుంది. వంద గ్రాముల కందిపప్పులో ఇరవై గ్రాములకు పైనే ఉంటాయి.

ఇంకొకరు: నేను జీవశాస్త్రం చెబుతానండీ. పైన చెప్పిన విడదీత పిల్లలకి తప్పకుండా చెప్పాలి. కాకపోతే కండ ఒక్కటే వీటి పని కాదు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్, అన్నం అరిగించే ఎంజైములు, మన జుట్టులోని కెరటిన్, అన్నీ మాంసకృత్తులే. 1838లో బెర్జీలియస్ అనే రసాయన శాస్త్రవేత్త సూచించగా మల్డర్ అనే మరో రసాయన శాస్త్రవేత్త వాడిన “ప్రోటీన్” అనే పేరుకి మూలం గ్రీకులో “మొదటిది” అనే మాట. జర్మన్లు “గుడ్డు తెల్లసొన” అనే మాటనే దీనికీ వాడతారు. ఎవరి కంటికి ఏది ముందు ఆనితే ఆ పేరు నిలిచిందన్నమాట.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది “పిండిపదార్థం”. చక్కెరా అదే, పత్తిలో ఉండే సెల్యులోజూ అదే అంటే పిల్లలు నమ్మరు. పత్తిలో పిండి ఎక్కడుంది అంటారు. అడగడం న్యాయమే. పిండి అనేది ఆ కుటుంబంలో ఒక్కరి పేరు, ఇంటిపేరుగా పెట్టేశాం. అక్కడ కార్బోహైడ్రేట్ అనడమే మేలని నా అభిప్రాయం. డీఎన్ఏ లాంటివాటికి పెట్టిన “కేంద్రకామ్లం” (న్యూక్లిక్ ఆమ్లం) అనే పేరు కూడా అంతే. 1869లో మీషర్ అనే శాస్త్రవేత్త దాన్ని మొదట చీములోని కణాల కేంద్రకాల్లో చూశాడు కాబట్టి ఆ పేరొచ్చింది, కానీ కేంద్రకమే లేని బాక్టీరియాలోనూ డీఎన్ఏ ఉంది. కొవ్వుకి మాత్రం ఏ చిక్కూ లేదు, అచ్చ తెలుగు మాట, ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు.

ప్రశ్న అడిగినామె: ఇద్దరికీ నమస్కారాలండీ. అమ్మమ్మకి మొత్తం చదివి వినిపించాను. “కండ పట్టించేవి అని రాస్తే సరిపోయేదిగా” అన్నారు. రోగి చేతికిచ్చే చీటీల్లో అలాగే రాయాలని నాకూ గట్టిగా అనిపిస్తోంది. ఈ పూట ముద్దపప్పు రెండోసారి వడ్డించుకున్నారు.