‘మాలపల్లి’ని రెండు గంటల నాటకానికి కుదించవచ్చా?

అనంత రంగస్థలి: మా బృందం అనంతపురం లలితకళా పరిషత్తులో ఆడటానికి ఉన్నవ లక్ష్మీనారాయణ గారి నవల ‘మాలపల్లి’ని నాటకంగా మలుస్తోంది. చేతిలో ఉన్నది రెండు గంటలు, పదకొండు మంది నటులు. రామదాసు కొడుకుల్లో వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడనే దోపిడీదారుగా మారే భాగం మొత్తం తీసేసి, అతని తోబుట్టువు సంగదాసు చావుతో తెర దించుదామని నా ప్రతిపాదన. బృందంలో సగం మంది ఇది ద్రోహం అంటున్నారు. మీరేమంటారు?

తాడిపత్రి పాఠకుడు: ద్రోహమే. సంగదాసు చావు దగ్గర ఆపితే ప్రేక్షకుడు కళ్ళు తుడుచుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. ఉన్నవ గారు అక్కడ ఆపలేదు కదా! అన్నదమ్ముల్లో ఒకడు కూలీలను కూడగట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇంకొకడు దోచి పంచే దారి పట్టాడు. తండ్రి రామదాసు వేదాంతం చెప్పుకుంటూనే ఇద్దరి గతీ చూశాడు. ఈ మూడింటి పెనుగులాటే నవల. 1922లో రాయవేలూరు జైలులో రాసిన ఈ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం తర్వాత నిషేధించింది. కన్నీళ్ళు పెట్టించినందుకు ఎవరూ పుస్తకాన్ని నిషేధించరు.

సమయం చాలదంటారా, పక్క రాష్ట్రం వైపు చూడండి. కన్నడ రచయిత కువెంపు నవల ‘మలెగళల్లి మదుమగళు’ను మైసూరు రంగాయణ 2010లో రాత్రంతా, సుమారు తొమ్మిది గంటలు ఆడింది. నాలుగు వేదికలు కట్టి, ప్రేక్షకులనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిపించారు. జనం నడిచారు కూడా.

కడప తెర: అన్నా, రంగాయణ ప్రభుత్వ సంస్థ, నటులకు అదే ఉద్యోగం. మన నటులు సాయంత్రం ఆరుకు ఆఫీసు వదిలి, ఏడుకు రిహార్సల్‌కు వచ్చేవాళ్ళు. పోలిక పెట్టే ముందు అది గుర్తుంచుకోవాలి.

దృశ్యాలు ఎక్కువన్న సాకు మాత్రం మా జిల్లాలో చెల్లదు. 1885లో ‘కీచకవధ’తో పుట్టిన సురభి నాటక సమాజం మా కడప జిల్లాదే. కోటను చిటికెలో అడవిగా మార్చే తెరలు వాళ్ళవి. కాబట్టి చిక్కు తెరలతో కాదు, చెప్పదలచిన కథ ఒకటా నాలుగా అన్నదానితో. పుస్తకం చదివేవాడు నాలుగు పుటలు వెనక్కు తిప్పుకోగలడు. కుర్చీలో కూర్చున్నవాడికి ఆ వెసులుబాటు లేదు.

రవీంద్రనాథ్ ఠాగూర్ తన సొంత నవల ‘రాజర్షి’ని 1890లో ‘విసర్జన్’ నాటకంగా రాసినప్పుడు మొదటి భాగాన్నే తీసుకున్నాడు. మేకపిల్లను బలికి పోగొట్టుకున్న అపర్ణ అనే బిచ్చగత్తెను కొత్తగా తెచ్చి పెట్టాడు. రాసినవాడే తన నవలను కోసుకుంటే మనం ‘అక్షరం పోకూడదు’ అని పట్టుపట్టడం ఏమిటి?

నాకైతే కూలి గింజల్లో ఇవ్వాలా, డబ్బులో ఇవ్వాలా అన్న తగాదా ఒక్కటే గంట నాటకం. వేదిక మీద ధాన్యపు రాశి, పక్కన కుంచం, ఎదురుగా భూస్వామి చౌదరయ్య చేతిలో నాణేలు. కుంచం బోర్లించి పక్కన పెట్టేస్తే చాలు, వెనక బెంచీలో కూర్చున్న రైతుకూ సంగతి అర్థమవుతుంది. నవలలో ఇది పేజీలకు పేజీల వాదన. దీన్ని వదిలి, చౌదరయ్య కోడలు కమల లేచిపోయిన ఉపకథకు పావుగంట ఇస్తే నేను మధ్యలోనే లేచి వచ్చేస్తాను.

నంద్యాల గేటు: సినిమాలో కాంచనమాల ఉంది కదా, ఆ పాత్రను పెంచండి, జనం వస్తారు.

తాడిపత్రి పాఠకుడు: అది ‘మాలపిల్ల’ బాబూ. 1938 నాటి సినిమా, కథ చలం గారిది. ఈ చర్చ ఎప్పుడు జరిగినా ఆ సినిమా ఒకసారి వచ్చి పోవాల్సిందే!

కర్నూలు ప్రాంప్టర్: కోతల సంగతి సరే, సంభాషణల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నవల నడిచేది గుంటూరు వైపు పలుకుబడిలో. అదే మన నటుల నోట పెడితే ప్రతి వాక్యమూ అరువు చొక్కాలా ఉంటుంది. రాయలసీమ మాటలో రాయండి.

కడప తెర: మాట మారిస్తే ఊరూ మారాలి సార్. మాగాణి వరి కూలీల తగాదాను వేరుశనగ చేలలోకి తెస్తే కొలత మారుతుంది, బాకీల లెక్క మారుతుంది, చౌదరయ్య పేరు కూడా నిలవదు. అప్పుడు ‘మాలపల్లి’ అని కాకుండా ‘మాలపల్లి ఆధారంగా’ అని కరపత్రంలో వేయండి. అలా వేస్తే నాకు అభ్యంతరం లేదు.

అనంత రంగస్థలి: ఊరు మార్చం. యాస జోలికి పోకుండా తేలిక వాడుక భాషలో రాస్తున్నాం. కూలి దృశ్యం అరగంట ఉంటుంది, కమల కథ తీసేశాం. జగ్గడి విషయంలో ఒక మధ్యేమార్గం: మనిషి కనిపించడు, సంగదాసు శవం దగ్గర రామదాసు కూర్చున్నప్పుడు తెర వెనక నుంచి అతని పాట వినిపిస్తుంది.

తాడిపత్రి పాఠకుడు: పాట విని ఎవరిదో ఎలా తెలుస్తుంది? నవల చదివిన పదిమందికి తప్ప. జగ్గడు మనిషిగా రావాలి, తండ్రి ఎదుట నిలబడాలి, ఆయన ‘తప్పు’ అనాలి, ఇతను బదులు చెప్పాలి. పది నిమిషాలు చాలు. సంగదాసు వేషం వేసిన నటుడు అప్పటికి ఖాళీయే కదా, అతనికే ఇవ్వండి.

కర్నూలు ప్రాంప్టర్: చచ్చినవాడే మళ్ళీ గడ్డం పెట్టుకుని వస్తే హాలు గొల్లున నవ్వుతుంది. చౌదరయ్య కొడుకు రామానాయుడి నటుణ్ణి చూడండి, రెండో అంకంలో అతనికి పని లేదు.